సేవ కోసం నడక: ఒకనాటి ఉత్సాహం, ఏటేటి అలవాటు

 

మనలను సృష్టించి పోషిస్తున్న అల్లాహ్‌కు స్తోత్రం. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైన, ఆయన కుటుంబీకుల పైన, సహచరుల పైన శాంతి, శుభాలు కురియుగాక.

మార్చి నెలలో వచ్చే రెండవ గురువారాన్ని ప్రపంచమంతటా మూత్రపిండాల దినంగా పాటిస్తున్నారు. 2006లో ఆరంభమైన ఆనవాయితీ ఇది. ఇతర ప్రాంతాల వారికి అది పంచాంగంలోని అనేక దినాలలో ఒకటి కావచ్చు. ఉద్దానాన్ని ఒడిలో పెట్టుకున్న మన ఉత్తరాంధ్రకు మాత్రం అది అలా గడిచిపోయే దినం కాదు. ఆ రోజు ఉదయం మన పట్టణాలలో వైద్యులు, విద్యార్థులు, ఉద్యోగులు కలిసి రెండు మూడు కిలోమీటర్లు నడుస్తుంటారు. వ్యాధి గురించి చెబుతారు, కొన్నిచోట్ల రోగుల సహాయార్థం చందాలు కూడా పోగుచేస్తారు. మన యువకులు కూడా ఇటువంటి నడకలకు వెళుతున్నారు. సంతోషం. గురువారం గడిస్తే మరునాడు జుమా. అందుచేత ఈ మింబరు ముందు కూర్చున్న మనం ఒక ప్రశ్న వేసుకోవడం న్యాయం: నిన్న నడిచిన కాళ్ళు మళ్ళీ ఎప్పుడు అటు నడుస్తాయి?

నడకతో మన ధర్మానికి గల సంబంధం చిన్నది కాదు. ఒక తల్లి నడక గురించి ఆలోచించండి. హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) దైవాజ్ఞను శిరసావహించి తన భార్య హాజిరాను, పసిబిడ్డ ఇస్మాయీల్‌ను నీరు, నీడ లేని లోయలో విడిచి వెళ్ళారు. తోలుతిత్తిలోని నీళ్ళు అయిపోయాయి. బిడ్డ దాహంతో విలవిలలాడుతుంటే ఆ తల్లి సఫా గుట్ట ఎక్కి చూసింది, దిగి పరుగెత్తి మర్వా గుట్ట ఎక్కి చూసింది. ఏడుసార్లు ఆ విధంగా తిరిగిన తరువాత బిడ్డ ఉన్నచోటనే జమ్‌జమ్ ఉబికింది. నేటికీ హజ్జ్‌కు, ఉమ్రాకు వెళ్ళిన ప్రతివారు ఆ రెండు గుట్టల నడుమ ఏడు విడతలు నడుస్తారు. మొత్తం లెక్కిస్తే మూడు కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. రాజులు, పండితులు, కూలివారు, ఏ దేశపు వారైనా సరే, బిడ్డకు గుక్కెడు నీళ్ళ కోసం తిరిగిన ఒక స్త్రీ అడుగులలో అడుగులు వేయక తప్పదు. ఆ నడకలో తమను ఎవరైనా చూస్తున్నారా అన్న ఆలోచన ఆమెకు లేదు. చూసేవారే అక్కడ లేరు.

నీటి కోసం అలమటించిన ఆ లోయ నుండి ఇప్పుడు మన ఉద్దానానికి వద్దాం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలు. ఉద్యానవనం అన్న మాటే వాడుకలో ఉద్దానం అయిందని పెద్దలు చెబుతారు. కొబ్బరి, జీడి, పనస తోటలతో కనుచూపు మేర పచ్చదనం. ఆ పచ్చదనం కిందనే రెండు దశాబ్దాలకు పైగా మూత్రపిండాల వ్యాధి ఇంటింటికీ పాకుతున్నది. మధుమేహం గానీ, అధిక రక్తపోటు గానీ లేనివారికి, ఎండలో కష్టపడే రైతులకు, కూలీలకు ఈ వ్యాధి రావడం వైద్యులను కలవరపెట్టింది. భూగర్భజలాలలోని సిలికా, లోహాలు, ఎండలో నీరు తాగకుండా చేసే శ్రమ, ఒళ్ళునొప్పులకు విచక్షణ లేకుండా మింగే మాత్రలు, ఇలా ఎన్నో కారణాలను శాస్త్రజ్ఞులు పరిశీలించారు. ఇదే కారణమని అందరూ ఒప్పుకున్న నిర్ణయం నేటికీ వెలువడలేదు.

ప్రభుత్వపరంగా కొంత జరిగింది. హిరమండలం జలాశయం నుండి వంశధార నీటిని శుద్ధిచేసి ఊరూరికీ అందించే 700 కోట్ల రూపాయల పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండాల పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. ఇవి చిన్న విషయాలు కావు. మేలు చేసినవారికి కృతజ్ఞత చూపడం మన ధర్మం కూడా.

అయితే ఒక డయాలసిస్ రోగి వారం ఎలా గడుస్తుందో ఒకసారి ఊహించండి. సాధారణంగా వారానికి మూడు దఫాలు, ప్రతి దఫా సుమారు నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకోవాలి. వెళ్ళిరావడానికి ఆటో, వెంట ఒక మనిషి. ఆ మనిషికి ఆనాటి కూలి పోయినట్టే. అంటే వారానికి ఇద్దరి శ్రమ మూడేసి రోజులు ఆగిపోతుంది. ఇది ఒక నెల, రెండు నెలల ముచ్చట కాదు, జీవితాంతం. పింఛను మందులకు సరిపోతే ప్రయాణానికి చాలదు, ప్రయాణానికి వాడుకుంటే పిల్లవాని చదువుకు మిగలదు. మన నడక ఏడాదికి ఒక్క ఉదయం. వారి ప్రయాణమో, ఏడాదికి నూట యాభై సార్లకు పైమాటే. ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూసుకుంటే, నడిచి వచ్చిన మర్నాడే సేవ చేశామన్న తృప్తి కలుగుతుందా?

ఇక్కడ తితలీ తుఫాను సంగతి చెప్పవలసి ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు మొదళ్ళతో సహా ఒరిగిపోయాయి, జీడితోటలు నేలమట్టమయ్యాయి. ఆ వారంలో రాష్ట్రం నలుమూలల నుండి బియ్యం, నీళ్ళ ప్యాకెట్లు, దుప్పట్లు, కొవ్వొత్తులు లారీల మీద వచ్చాయి. వచ్చినవారి హృదయాలు మంచివి, వారికి అల్లాహ్ మంచి ప్రతిఫలం ప్రసాదించుగాక. కానీ కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి అయిదారేళ్ళు పడుతుంది. బియ్యం మూట పదిరోజులకు అయిపోతుంది. మిగిలిన అయిదేళ్ళలో ఆ రైతు ఇంటి తలుపు తట్టినవారు ఎందరు? లారీ తెచ్చినవారిని మేము తప్పుపట్టడం లేదు. ఆపద ఒక్కరోజులో వస్తుంది, దాని ప్రభావం మాత్రం ఏళ్ళ తరబడి ఉంటుంది. ఏటేటా తిరిగి వచ్చే మనిషి అవసరం అక్కడే ఏర్పడుతుంది.

అల్లాహ్‌కు అత్యంత ప్రియమైన ఆచరణ ఏదని అడిగినప్పుడు, కొద్దిపాటిదైనా ఎడతెగక చేసేదే అని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) తెలియజేసిన సంగతి హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా) ద్వారా మనకు చేరింది. మనలో చాలామందికి ఈ హదీసు కంఠస్థమే. నమాజుకు, తిలావత్‌కు దీనిని అన్వయించుకుంటాము. పొరుగువారి సేవకు అన్వయించుకోవడం మాత్రం అరుదు.

ఏటా ఒక దినాన్ని నిర్ణయించుకుని ఒక పుణ్యకార్యం చేయడం ధర్మంలో లేని కొత్త ఆచారం కాదా అని కొందరు సోదరులు సందేహిస్తారు. ఆ జాగ్రత్త మంచిదే. మార్చి గురువారానికి ప్రత్యేకమైన పుణ్యం ఉందని మనం చెప్పడం లేదు. అది ఆరాధన కాదు, పండుగ కాదు, వదిలితే పాపం కాదు. మన సౌలభ్యానికి, నలుగురితో కలిసి పనిచేయడానికి పెట్టుకున్న గడువు మాత్రమే. మంచిపనికి వేళ నిర్ణయించుకోవడం మన చరిత్రలో లేనిదా? ప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) శనివారం శనివారం ఖుబా మస్జిదుకు వెళ్ళేవారు, ఒకప్పుడు కాలినడకన, ఒకప్పుడు వాహనంపైన. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజియల్లాహు అన్హు) ఆ అలవాటును తన స్వంతం చేసుకుని, తానూ అదే విధంగా వెళుతుండేవారు. ఎవరి ఆదేశమూ అక్కరలేదు. ప్రేమించినవారు నడిచిన దారి గనుక నడిచారు, అంతే.

హజ్రత్ అబూబక్ర్ సిద్దీఖ్ (రజియల్లాహు అన్హు) విషయమూ అటువంటిదే. ఖలీఫా కాకముందు ఆయన తమ వాడలోని ఇళ్ళ మేకలకు పాలు పితికి ఇచ్చేవారని చరిత్రకారులు వ్రాశారు. ఖిలాఫత్ బాధ్యతలు స్వీకరించినప్పుడు, ఇక మన మేకలకు పాలు పితికేవారు లేరని ఒక బాలిక అన్నదట. ఆయన ఆ పనిని మానలేదు. రాజ్యభారం మోస్తున్న మనిషికి మేకపాలు పితకడం పెద్ద పనా, చిన్న పనా అన్నది ప్రశ్న కాదు. ఆ ఇంటివారు ఆయన కోసం ఎదురుచూస్తారు, అదీ విషయం. ఒక పనిని మనం అలవాటు చేసుకున్నామంటే, అవతల ఒకరు మన రాకను అలవాటు చేసుకున్నారన్నమాట.

దూరం గురించి కూడా ఒక సంగతి చెప్పాలి. బనూ సలమా వంశంవారి ఇళ్ళు మదీనాలోని మస్జిదుకు దూరంగా ఉండేవి. దగ్గరికి మారిపోదామని వారు తలపెడితే, ఉన్నచోటనే ఉండమని, వారు వేసే అడుగులన్నీ వ్రాయబడుతున్నాయని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) వారికి తెలిపారు. విజయనగరంలోనో, శ్రీకాకుళంలోనో ఉన్న మనకు ఉద్దానం దూరమని అనిపించవచ్చు. విజయనగరంలో రైలెక్కితే శ్రీకాకుళం రోడ్డు, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. పెళ్ళిళ్ళకు, వ్యాపారాలకు మనకు ఆ దారి దూరం కాలేదు.

ఉద్దానంలో మనవాళ్ళు ఎందరున్నారు, అది మన సమస్య ఎలా అవుతుంది అని గుసగుసగా అనుకునేవారు ఉండవచ్చు. ఈ మాటకు మృదువుగా జవాబు చెప్పడం మాకు చేతకాదు. ఈ రెండు జిల్లాలలో మనం నూటికి ఒకరం కూడా కాము. 1641లో గోల్కొండ ఫౌజుదారు షేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించిన శ్రీకాకుళం జామియా మస్జిదులో ఇన్ని తరాలుగా అజాన్ వినిపిస్తున్నదంటే, చుట్టూ ఉన్న పొరుగువారితో మన పెద్దలు నిలబెట్టుకున్న స్నేహం కూడా అందుకు ఒక కారణం. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజియల్లాహు అన్హు) ఇంట గొర్రెను కోసినప్పుడు ఆయన మొదట అడిగింది, యూదుడైన పొరుగింటివానికి మాంసం పంపారా అని. పొరుగువాని హక్కును గురించి ప్రవక్త నోట విన్నదే ఆయన చేత ఆ మాట అడిగించింది. ఉద్దానపు రైతు మన పొరుగువాడు. ఆయన పండించిన జీడిపప్పు మన ఈద్ సేమ్యాలలో ఉంటుంది.

మన పొరుగువారి నుండి నేర్చుకోవలసింది కూడా ఉంది. ఏటా ఆషాఢ మాసంలో పౌర్ణమికి ముందు సింహాచలం గిరిప్రదక్షిణ జరుగుతుంది. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. మన జిల్లాల నుండి ఎందరో వెళతారు. వారి విశ్వాసం వారిది, మన విశ్వాసం మనది. అందులో మాకు నచ్చే విషయం దారి పక్కన ఉంటుంది: నడిచేవారికి నీళ్ళు, మజ్జిగ, పండ్లు అందించడానికి గుడారాలు వేసుకుని రాత్రంతా నిలబడేవారు. ఆ పనికి ఏటా సిద్ధపడి వచ్చేవారికి ఎన్ని కుండలు కావాలో, ఏ మలుపు దగ్గర జనం అలసిపోతారో తెలిసి ఉంటుంది. మొదటిసారి వచ్చిన ఉత్సాహవంతునికి ఆ లెక్క తెలియదు.

దూరదేశంలో టెర్రీ ఫాక్స్ అనే కెనడా యువకుడు క్యాన్సర్ వలన కుడికాలు పోగొట్టుకుని, 1980లో కృత్రిమ కాలితో పరిశోధన నిధి కోసం 143 రోజులపాటు 5,373 కిలోమీటర్లు పరుగెత్తాడు. వ్యాధి ఊపిరితిత్తులకు పాకడంతో ఆగిపోయాడు, మరుసటి సంవత్సరం మరణించాడు. ఆ 1981లోనే అతని పేరిట జనం సెప్టెంబరు మాసంలో పరుగు, నడక మొదలుపెట్టారు, నేటికీ ఏటా చేస్తున్నారు. అతడు పూర్తిచేయలేని దారిని ఏటా కొంత చొప్పున ఇతరులు నడుస్తున్నారన్నమాట.

మన తెలుగునేల మీద మరొక నడక ఉంది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో భూమిలేని హరిజన కుటుంబాల కోసం వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చారు. ఆ తరువాత వినోబా ఏళ్ళ తరబడి దేశమంతటా నడిచారు, లక్షల ఎకరాలకు దానపత్రాలు వచ్చాయి. కానీ పత్రాలు వ్రాసినంత సులభంగా భూములు చేతులు మారలేదు. నడిచినవారు ముందుకు సాగిపోయారు, వెనుక ఊళ్ళలో ఉండి వెంటబడి పని పూర్తిచేయించేవారు చాలలేదు. ఇంతటి మహత్కార్యానికే ఆ గతి పట్టినప్పుడు, మన మూడు కిలోమీటర్ల నడక విషయంలో మనం ఎంత మెలకువగా ఉండాలో ఆలోచించండి.

ఇక చేయదగిన పని. నడకకు వెళ్ళండి, మానవద్దు. కానీ నడకను ఏడాది పనికి ప్రారంభదినంగా చేసుకోండి. ఆ రోజున ప్రతి ఇంటివారు తమకు చేతనైన ఒక్క పనిని ఎంచుకోవాలి. ఆటో నడిపే సోదరులు మనలో ఎందరో ఉన్నారు. నెలలో ఒక దఫా ఒక రోగిని డయాలసిస్ కేంద్రానికి చేర్చి, తిరిగి ఇంటి దగ్గర దింపడం వారికి సాధ్యమే. మందుల దుకాణాలలో పనిచేసేవారు చీటీ లేకుండా నొప్పిమాత్రలు అడిగే కూలివానికి రెండు మాటలు చెప్పి వైద్యుని దగ్గరకు పంపవచ్చు. అది కూడా సదఖాయే. చదువుకున్న పిల్లలు ఒక రోగి కుటుంబానికి దరఖాస్తులు వ్రాసిపెట్టవచ్చు. వ్యాధి ముదిరేవరకు లక్షణాలు కనబడకపోవచ్చు గనుక రక్తంలో క్రియాటినిన్ పరీక్ష, మూత్ర పరీక్ష చేయించుకోమని పదిమందికి చెప్పడం, ముందు మనం చేయించుకోవడం మరొక పని. సోదరీమణులు ఇంటి నుండి చేయగలిగినది మగవారి కంటె ఎక్కువే: రోగి వెంట వచ్చి ఆసుపత్రి వరండాలో రోజంతా కూర్చునే భార్యకు, తల్లికి ఒక పూట అన్నం. ఆమెకు ఆకలి వేస్తుందని ఎవరికీ తట్టదు.

డబ్బు విషయంలో ఒక హెచ్చరిక. నడక సందర్భంగా పోగయ్యే నిధిలో జకాత్ సొమ్ము కలపవద్దు. జకాత్ ఖర్చుకు ఎనిమిది పద్దులను అల్లాహ్ స్వయంగా నిర్ణయించాడు, దాని షరతులు వేరు. ఈ నిధికి ఐచ్ఛికమైన సదఖాయే ఇవ్వండి. వచ్చినది, ఖర్చయినది రెండూ కాగితం మీద వ్రాసి మస్జిదు గోడకు అంటించాలి. అమానత్ విషయంలో మొహమాటం పనికిరాదు.

ఛాయాచిత్రాల గురించి కూడా చెప్పక తప్పదు. బ్యానరు పట్టుకుని ఒక ఫోటో తీసుకోవడం వలన నలుగురికి తెలుస్తుందంటే సరే. రోగి మంచం పక్కన నిలబడి, ఆయన చేతిలో యాపిల్ పండు పెట్టి తీసుకునే ఫోటో మాత్రం వద్దు. చేసిన ఉపకారాన్ని ఎత్తిచూపి మనసు నొప్పించడం దానాన్ని వ్యర్థం చేస్తుందని ఖుర్ఆన్ మనలను హెచ్చరించింది. నీటి సమస్య గురించి నడిచేవారు, తాగిన నీళ్ళ సీసాలను దారి పొడుగునా పారవేసి పోవడం కూడా మేము చూస్తున్నదే. వెనుక ఒక సంచి పట్టుకుని ఏరుకుంటూ నడిచేవాడు ఆ ఊరేగింపులో అందరికంటె ముందున్నవాడని మా అభిప్రాయం.

మరొక చిక్కు ఉంది. మన సంవత్సరం చంద్రుని లెక్కన నడుస్తుంది, సూర్యమానం కంటె సుమారు 11 రోజులు తక్కువ. అందువలన మార్చి గురువారం ఒక్కొక్క ఏడాది ఒక్కొక్క మాసంలో పడుతుంది. 2024లోను, 2025లోను అది రమజానులోనే వచ్చింది. అటువంటి ఏడాది ఉపవాసం ఉండి ఎండలో నడవడం ఎలా అంటారు. ఫజ్ర్ నమాజు కాగానే చల్లని వేళలో నడవండి. శక్తి లేనివారు నడవకండి, ఇఫ్తారు కోసం పెట్టే ఖర్జూరాలలో కొంత భాగాన్ని ఆసుపత్రి వరండాకు పంపండి. అయితే డయాలసిస్ రోగులకు ఖర్జూరం, కొబ్బరినీళ్ళు, అరటిపండు వంటివి పొటాషియం వలన హాని చేయవచ్చు గనుక అవి వెంట ఉన్నవారికి మాత్రమే ఇవ్వాలి, రోగికి వైద్యుని అడగకుండా ఏదీ పెట్టకూడదు. మంచి మనసుతో తెలియక చేసినా హాని హానియే.

పిల్లలను వెంట తీసుకువెళ్ళండి. ఏడేళ్ళ కుమారుడు ఈ ఏడు మీ వేలు పట్టుకుని నడుస్తాడు. పదిహేడేళ్ళు వచ్చేసరికి రోగి ఇంటికి దారి మీకంటె వానికే బాగా తెలుస్తుంది. ఒక ఏడాది మీకు జ్వరం వస్తే మీ బదులు వాడు వెళతాడు.

ఈ నమాజు తరువాత వజూఖానా పక్కనున్న బల్ల మీద ఒక పుస్తకం తెరచి ఉంచుతున్నాము. పేరు, చేయదలచిన పని, నెలలో ఏ రోజున వీలవుతుందో వ్రాయండి. మొత్తం ఏడాదికి వ్రాయలేకపోతే మూడు నెలలకు వ్రాయండి. చేయగలిగినంతే వ్రాయండి.

యా అల్లాహ్! ఉద్దానంలోను, మా ఇరుగుపొరుగున ఉన్న రోగులందరికీ స్వస్థత ప్రసాదించు. వారి వెంట తిరుగుతున్నవారి అలసట తీర్చు. వ్యాధి కారణాన్ని వెదకుతున్న వైద్యులకు, శాస్త్రజ్ఞులకు దారి చూపు. ఆ ఊళ్ళకు చేరిన నీటిని ఎన్నడూ ఆగిపోనీయకు. మేము ఈనాడు వేయదలచిన అడుగులను స్వీకరించు, వచ్చే ఏటికి కూడా మమ్ములను అదే దారిలో నిలుపు. ఆమీన్.

సున్నతులు చదువుకోని సోదరులు చదువుకోండి. తరువాత అరబీ ఖుత్బా మొదలవుతుంది.